మొలక రావడానికి పదిహేనేళ్లు



పోయిన నెల ఒక సాయంత్రం కోడుమూరులో మన సంఘ కుటుంబము ఒకదానిని దర్శించడానికి వెళ్లాను. తండ్రి మగ్గం నేస్తాడు. తల్లి కండెలు చుట్టి అందిస్తుంది. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి మగ్గం చప్పుడు లేదు. పొద్దు ఉండగానే మగ్గం ఆగిందంటే ఆ ఇంట్లో జ్వరమైనా ఉండాలి, నూలైనా అయిపోయి ఉండాలి. ఆ రోజు రెండూ కాదు.

"రాండి అయ్యగారూ, కూసోండి. మీరే చెప్పాల మావానికి. నెల నెలా జీతమొచ్చే పని ఇడిసిపెడ్తాడంట. సినిమా తీస్తాడంట" అంది ఆ తల్లి, నీళ్ల చెంబు చేతికిస్తూ.

కుమారుడు మూలన చాప మీద తల వంచుకొని కూర్చున్నాడు. ఆరేళ్లుగా హైదరాబాదులో ఒక ప్రకటనల కంపెనీలో పని. టీవీలోనూ ఫోన్లలోనూ వచ్చే ప్రకటనలు తీస్తారు. ఆ జీతంతోనే చెల్లెలి పెండ్లి అప్పులో సగానికి పైగా తీరింది. ఇంటి మీద రేకులు పోయి స్లాబు పడింది.

"ఏమి సినిమా నాయనా?" అని అడిగాను.

"మన ఊర్ల గురించి అయ్యగారూ. మగ్గాల గురించి. సుగ్గికి పోయినోళ్ల ఇండ్ల గురించి."

సుగ్గి అంటే ఏమిటో మన ఆదోని, ఎమ్మిగనూరు వైపు వారికి చెప్పనక్కరలేదు. ఇతర జిల్లాల పాఠకుల కోసం ఒక్క మాట. పంట చేతికి రాని ఏట ఇంటికి తాళం వేసి, ముసలివారిని ఊర్లో విడిచి, బడికి పోవలసిన పిల్లలను వెంట పెట్టుకొని గుంటూరు వైపు మిరపకాయల కోతకు, పత్తి తీతకు పోవడాన్ని ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు.

"మంచిదే. ఇంతకాలం లేనిది ఇప్పుడే ఎందుకు పుట్టింది ఈ ఆలోచన?" అన్నాను.

అప్పుడు చెప్పాడు. వాళ్ల కంపెనీ ఒక చీరల దుకాణానికి ప్రకటన తీసిందట. ఒక అందమైన అమ్మాయిని నగలతో అలంకరించి మగ్గం ముందు కూర్చోబెట్టారు. ఆమె నవ్వుతుంది. వెనుక సంగీతం వస్తుంది. ఊరికి వచ్చినప్పుడు ఆ ప్రకటనను తండ్రికి ఫోన్లో చూపించాడు. తండ్రి చివరివరకూ చూసి, "ఆ పాప పడుగు మీద చెయ్యి ఆనించింది. పోగులు తెగుతాయి" అని ఫోను తిరిగి ఇచ్చి, మళ్లీ మగ్గం గుంతలోకి దిగిపోయాడట.

"మగ్గం పక్కన పెరిగినోన్ని అయ్యగారూ. అది తప్పని తీసేటప్పుడే నాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. డబ్బిచ్చేటోళ్లకు అట్లనే బాగుందంట" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాని గొంతు సరిగా రాలేదు.

ఇంతలో తండ్రి తన మాట చెప్పాడు. "మా బాధ నిజమే అయ్యగారూ. ఆ బాధను సినిమా తీస్తే చూసేదెవరు? డబ్బిచ్చేదెవరు? ఇంకా ఇచ్చేది ఉంది కదా అప్పు." పక్కనే ఉన్న పెద్దనాన్న మరొక ప్రశ్న వేశాడు. "అదంతా పక్కన పెట్టండి. సినిమా అనేది విశ్వాసులు చేయదగిన పనేనా?"

మూడు ప్రశ్నలూ న్యాయమైనవే. కూడు ఎట్లా? చూసేదెవరు? తగునా తగదా? ఆ పూట నా దగ్గర జవాబు లేదు. ప్రార్థన చేసి, ఆదివారం మధ్యాహ్నం మళ్లీ వస్తానని చెప్పి లేచాను. దారిలో నాకు జ్ఞాపకం వచ్చిన మనిషి శ్యామ్ బెనెగళ్ గారు. ఆదివారం ఆ ఇంట్లో నేను చెప్పినది ఆయన కథే. అటువంటి ప్రశ్నలు పుట్టిన ఇండ్లు ఇంకా ఉంటాయి గనుక దానినే ఇక్కడ రాస్తున్నాను.

బెనెగళ్ గారు మన హైదరాబాదు మనిషి. 1934 డిసెంబరు 14న సికింద్రాబాదు పక్కన తిరుమలగిరిలో పుట్టారు. తండ్రి ఫొటోలు తీసే వృత్తి చేసేవారు. ఆ తండ్రి కెమెరాతోనే పన్నెండేళ్ల వయసులో ఒక చిన్న చిత్రం తీశారు. ఉస్మానియాలో అర్థశాస్త్రం చదివారు. హైదరాబాదులో ఫిల్మ్ సొసైటీని ప్రారంభించారు. తరువాత బొంబాయి వెళ్లి, 1959లో లింటాస్ అనే పెద్ద ప్రకటనల సంస్థలో ప్రకటనల మాటలు రాసే పనిలో చేరారు. అక్కడే పైకి వచ్చారు. ప్రకటన చిత్రాలు, సంస్థల కోసం తీసిన డాక్యుమెంటరీలు కలిపి ఆయన తీసినవి తొమ్మిది వందలకు పైగా ఉంటాయి.

ఆ సంవత్సరాలన్నిటిలో ఆయన దగ్గర ఒక కథ ఉండేది. హైదరాబాదు చుట్టుపక్కల పల్లెలో ఒక దొర కొడుకు, ఆ ఇంట పనిచేసే బీద స్త్రీ, మూగవాడైన ఆమె భర్త. కాలేజీ రోజుల్లోనే రాసుకున్న కథ అది. దానిని సినిమాగా తీయాలని నిర్మాతల చుట్టూ పన్నెండేళ్లకు పైగా తిరిగారు. పల్లె కథ, పాటలు లేవు, పేరున్న నటులు లేరు. ఎవరు డబ్బు పెడతారు? మన కోడుమూరు తండ్రి అడిగిన ప్రశ్ననే ఆనాడు బొంబాయిలో ఆయనను కూడా అడిగారు.

చివరికి డబ్బు పెట్టినది ఎవరో తెలుసా? బ్లేజ్ అనే సంస్థ. సినిమా హాళ్లలో ప్రకటనలు వేయించే వ్యాపారం వారిది. అంటే ప్రకటనల పనిలో ఏర్పడిన పరిచయం, అక్కడ సంపాదించుకున్న నమ్మకమే ఆయనకు దారి తెరిచింది. చిత్రీకరణ అప్పటికి పల్లెగా ఉన్న ఎల్లారెడ్డిగూడలో జరిగింది. 1974లో "అంకుర్" వచ్చింది. అంకురము అంటే మొలక. ఉద్యోగంలో చేరిన 1959 నుండి లెక్కిస్తే మొలక రావడానికి పదిహేనేళ్లు పట్టింది. అప్పటికి ఆయనకు ముప్పై తొమ్మిదేళ్లు.

యౌవనస్థులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ పదిహేనేళ్లూ వృథా పోలేదు. అర నిమిషంలో ఒక సంగతి అర్థమయ్యేటట్లు చూపించడం, తక్కువ డబ్బుతో పని ముగించడం, పదిమంది పనివారిని ఒక తాటి మీద నడిపించడం ఆయన నేర్చుకున్నది ప్రకటనల దగ్గరే. కూడు పెట్టిన పనిని ఆయన తిట్టుకుంటూ చేయలేదు. దానిలో మునిగిపోయి తన కథను మరచిపోనూ లేదు. రెండవది మొదటిదానికంటే కష్టం. జీతం పెరిగేకొద్దీ మొదట ఎందుకు బయలుదేరామో మరచిపోవడం మనకందరికీ తెలిసిన బలహీనతే.

ఆయనకంటే ముందు ఈ దారిన నడిచినవారు కలకత్తాలో సత్యజిత్ రే గారు. ఆయన కూడా 1943లో డి.జె. కీమర్ అనే ప్రకటనల సంస్థలో నెలకు 80 రూపాయల జీతానికి బొమ్మలు వేసే పనిలో చేరారు. బెంగాలు పల్లెలో ఒక బీద కుటుంబపు కథ "పథేర్ పాంచాలి"ని సినిమాగా తీయాలని పూనుకున్నారు. 1952లో చిత్రీకరణ మొదలుపెట్టారు. ఉద్యోగం మాత్రం మానలేదు. ఆదివారాలు, సెలవు రోజులు చూసుకొని తీశారు. బీమా పాలసీ మీద అప్పు తెచ్చారు. భార్య నగలు కుదువపెట్టారు. డబ్బు అయిపోయి పని ఆగిపోయింది. చివరకు పశ్చిమ బెంగాలు ప్రభుత్వం ఆదుకోగా 1955లో సినిమా విడుదలైంది. అది లోకమంతా పేరు తెచ్చుకున్న తరువాతనే ఆయన ఉద్యోగం విడిచారు.

ఇది విని ఆ తండ్రి కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాడు. గోపురం కట్టబోయేవాడు ముందుగా కూర్చొని లెక్క చూసుకోవాలని చెప్పిన ఉపమానం మనకు తెలుసు. లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు. అయితే రే గారి భార్య నగలను కూడా మరచిపోవద్దు. ఒకరి ఆశయానికి ఇంటిల్లిపాదీ వెల చెల్లిస్తారు. గనుక ఆ లెక్క ఒక్కడే చూసుకోకూడదు, ఇంట్లోవారితో కూర్చొని చూసుకోవాలి. ఇది మొదటి ప్రశ్నకు జవాబు.

ఇక పెద్దనాన్న ప్రశ్న. సినిమా తగునా?

అంకుర్‌లో కథ కఠినమైనది. దొర కొడుకు పనిమనిషి లక్ష్మిని చేరదీస్తాడు. ఆమె గర్భవతి అయితే నలుగురిలో పరువు పోతుందని చెయ్యి దులుపుకుంటాడు. ఊరు విడిచి పోయిన ఆమె భర్త కిష్టయ్య తిరిగి వచ్చి, పని అడగడానికి దొర ఇంటి వైపు నడిచి వస్తాడు. తప్పు చేసినవాడు గనుక దొర కొడుకు భయపడి, ఆ మూగవానిని కొరడాతో కొడతాడు. లక్ష్మి పరుగున వచ్చి భర్తను హత్తుకొని దొరను శపిస్తుంది. కొట్టినవాడు లోపలికి పోయి తలుపు వేసుకుంటాడు. అందరూ వెళ్లిపోయాక ఒక పిల్లవాడు రాయి తీసి ఆ ఇంటి కిటికీ మీద విసురుతాడు. అంతే, కథ ముగుస్తుంది. ఆ రాయే మొలక.

చిన్న పిల్లలతో కూర్చొని చూసే కథ కాదని నేను ఒప్పుకుంటాను. అయితే పాపాన్ని తియ్యగా చూపించే సినిమా వేరు, పాపము ఎవరి వీపు మీద దెబ్బగా పడుతుందో చూపించే సినిమా వేరు. నాతాను ప్రవక్త దావీదు దగ్గరకు వెళ్లినప్పుడు రాజును నేరుగా నిందించలేదు. ఒక ఊరి కథ చెప్పాడు. ధనవంతుడు ఒకడు, బీదవాడు ఒకడు, ఆ బీదవాని ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్ల. రాజు ఆ కథ విని మండిపడ్డాడు. ఆ ధనవంతుడు తానేనని తరువాత తెలుసుకున్నాడు. పల్లె కథకు అంత బలముంది. అటువంటి కథ చెప్పేవాడు మన ఇంట పుడితే సిగ్గుపడవలసిన పని లేదు. చెప్పేవాని మనస్సు ఎటువంటిది, ఎవరి పక్షాన నిలబడి చెబుతున్నాడు అన్నదే చూడాలి.

పెద్దనాన్న వెంటనే ఒప్పుకున్నాడని చెప్పను. "నాతాను చెప్పినాడు సరే, నాతానుకు టిక్కెట్ల లెక్క లేదు కదా" అన్నాడు. అందరం నవ్వాము. ఆ మాటలో కూడా నిజముంది. టిక్కెట్టు కోసం కథను వంచితే మళ్లీ పడుగు మీద చెయ్యి ఆనించిన ప్రకటనే అవుతుంది.

చివరిది, తండ్రి అడిగిన రెండవ ప్రశ్న. చూసేదెవరు, డబ్బిచ్చేదెవరు?

దీనికి జవాబు గుజరాతు పాడి రైతులు చెప్పారు. అక్కడి పాల సహకార సంఘాల కథను బెనెగళ్ గారు సినిమా తీయాలనుకున్నారు. ఆ సంఘాలకు వెన్నెముకగా నిలిచిన వర్గీస్ కురియన్ గారు కథ రాయడంలో పాలుపంచుకున్నారు. డబ్బు మాత్రం పెద్ద నిర్మాత ఎవరూ ఇవ్వలేదు. ఐదు లక్షల మంది రైతులు తలా రెండు రూపాయలు ఇచ్చారు. పది లక్షల రూపాయలు అయింది. 1976లో "మంథన్" విడుదలైంది. మంథనము అంటే చిలకడం. పట్నం నుండి వచ్చిన ఒక పశువైద్యుడు, పాల ధర తానే నిర్ణయించే వ్యాపారి, సంఘంలో తమ మాటే చెల్లాలనే పెద్దలు, పాలు అమ్ముకొనే హరిజనవాడ. ఈ కథ మన ఊర్లకు కొత్తది కాదు. తమ రెండు రూపాయలతో తీసిన సినిమాను చూడడానికి రైతులు బండ్లు కట్టుకొని, లారీలెక్కి వచ్చారు. తరువాత సహకార సంఘాలు పెట్టించడానికి ఆ సినిమానే ఊరూరా చూపించారు. నలభై ఎనిమిదేళ్ల తరువాత, 2024లో దానిని బాగుచేసి ఫ్రాన్సు దేశంలోని కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు.

ప్రకటనకూ ఈ సినిమాకూ తేడా ఇక్కడే ఉంది. కెమెరా ఒకటే. తీసినవాడూ ఒక్కడే. డబ్బిచ్చినవాడు మారాడు గనుక ఎవరి మాట వినాలో అది మారింది. ప్రకటనలో అమ్మేవాని మాట చెల్లుతుంది. మంథన్‌లో పాలు పితికేవారి మాట చెల్లింది.

మగ్గం మీద కూడా ఆయన ఒక సినిమా తీశారు. "సుస్మన్", 1987లో. పోచంపల్లి చిటికి నేత వారి కథ. చేనేత సహకార సంఘాల తోడ్పాటుతోనే తీశారు. రాములు అనే నేతగాడు, అతని భార్య గౌరమ్మ. పట్టుచీరల పని చేతికి వస్తుంది. బతుకంతా ఊరికి చీరలు నేసి ఇచ్చినవారింట కూతురి పెండ్లికి ఒక పట్టుచీర లేదు. ఇచ్చిన పట్టులో కొంచెం ఆ చీర కోసం ఇంట్లో దాస్తారు. అది బయటపడి, పనితనంలో సాటిలేని ఆ రాములు నలుగురి ముందు తల దించుకోవలసి వస్తుంది. గద్వాల చీరలు నేసే మన కోడుమూరులోనూ, 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘము స్థాపించిన ఎమ్మిగనూరులోనూ ఈ కథను విడమరచి చెప్పవలసిన అవసరము లేదు.

ఈ భాగం చెప్తున్నప్పుడు ఆ తల్లి కొంగుతో కండ్లు తుడుచుకుంది. నేను కారణం అడగలేదు.

బెనెగళ్ గారు ఆ తరువాత కూడా పల్లెను విడువలేదు. 2010లో విడుదలైన "వెల్ డన్ అబ్బా" లో కాగితాల మీద తవ్విన బావి కథ చెప్పారు. ప్రభుత్వ సొమ్ము ఖర్చయింది, రసీదులున్నాయి, బావి మాత్రం లేదు. అయితే బావిని ఎవరో దొంగిలించారని పోలీసులకు ఫిర్యాదు చేస్తారు! నవ్విస్తూనే అందరినీ నిలదీశారు. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారంతో సహా దేశం ఇవ్వగల గౌరవాలు అందుకొని, 2024 డిసెంబరు 23న తొంభై ఏళ్ల వయసులో ముంబయిలో కన్నుమూశారు.

ఇదంతా విన్న తరువాత ఆ ఇంట్లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత కుమారుడే నోరు తెరిచాడు. అప్పు తీరేదాకా ఉద్యోగం విడవనన్నాడు. సెలవులకు వచ్చినప్పుడు చిన్నగా మొదలుపెడతానన్నాడు. మొదట తన ఇంట్లో మగ్గాన్నే తీస్తానన్నాడు.

తండ్రి ఒక షరతు పెట్టాడు. "తీస్తే తియ్యి. చీర అందం ఒక్కటే చూపొద్దు. దాన్ని నేసేకి ఎన్ని దినాలు పట్టింది, నా చేతికి ఎంత కూలి వచ్చింది, అంగట్లో ఎంతకు అమ్మినారు, ఆ మూడూ చెప్పాల."

అప్పుడు తల్లి అంది. "నేను కండెలు చుట్టేది కూడా తియ్యి నాయనా. మగ్గం అంటే అందరూ మీ నాయననే చూస్తారు."

ఆరేళ్లు ప్రకటనలు తీసిన ఆ బిడ్డ తల్లి వైపు చూసి, ఏమీ అనలేక తల ఊపాడు. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినా ఆ చేతులను తాను ఎన్నడూ చూడలేదని అప్పుడే తెలిసినట్లుంది. నాకు కూడా అప్పుడే తెలిసింది. పదేళ్లుగా ఆ ఇంటికి పోతున్నాను. "మగ్గం ఎట్లా నడుస్తోంది?" అని ప్రతిసారీ ఆయననే అడిగాను. ఆమెను ఒక్కసారీ అడగలేదు.

ప్రియమైన తల్లిదండ్రులారా, మీ బిడ్డ జీతం విడిచి మరొక పని చేస్తానంటే వెంటనే ఏడవవద్దు, వెంటనే పొగడవద్దు. ఎందుకు అని అడగండి. జవాబు పేరు కోసమైతే ఆపండి. తెలిసీ ఒక అబద్ధం చెప్పవలసి వచ్చింది, ఇక చెప్పలేను అన్నది జవాబైతే కూర్చోబెట్టి లెక్క చూడండి. యౌవనస్థులారా, పల్లెను గురించి తీయాలనుకున్నా, రాయాలనుకున్నా ముందు మీ ఇంట్లో ఇంతకాలం మీరు చూడని చేతులు ఎవరివో చూడండి. పదిహేనేళ్లు పట్టినా ఫరవాలేదు. గింజను పోగొట్టుకోకుండా ఉంటే చాలు.

నేను సెలవు తీసుకొని వీధిలోకి వచ్చేసరికి లోపల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. అప్పు ఎంత మిగిలింది, ఏ నెలకు ఎంత కట్టాలి అని తండ్రీ కొడుకులు లెక్క వేసుకుంటున్నారు. ఆ లెక్క తెమిలితే సోమవారం పొద్దున మళ్లీ మగ్గం చప్పుడు వినిపిస్తుందని అనుకుంటూ ఇంటికి నడిచాను.